నిలుపగల బలం

ఇరుసు చివరనున్న కడశీలను సరిచూసుకొని గాని మా పెద్దలు ఎడ్లబండి కట్టేవారు కారు. పాత ట్రాక్టరు కొనే రైతుకూ ఆ జాగరూకత అవసరమని నా అభిప్రాయం.

ఇంజను శబ్దం విని మురిసిపోతే చాలదు. వెనుక ట్రక్కును తగిలించే కొక్కెం అరిగిందేమో, పగుళ్లు పట్టిందేమో చూడాలి. ట్రక్కు దీపాలకు విద్యుత్తునందించే సాకెట్టును, తొట్టిని పైకెత్తే హైడ్రాలిక్ గొట్టాన్ని పరీక్షించాలి.

అన్నిటికన్న ముఖ్యమైనవి బ్రేకులు. పొలంలో మలుపు తిరిగేందుకు వీలుగా వెనుక చక్రాలు రెండింటికీ వేర్వేరు పెడళ్లుంటాయి. రోడ్డెక్కే ముందు వాటిని కలిపి బిగించే గొళ్లెం ఉండాలి. అది లేకపోతే ఒక చక్రమే ఆగుతుంది. వెనుకనున్న ధాన్యపు బరువు ట్రాక్టరును పక్కకు తోసి బోల్తా కొట్టించవచ్చు.

లాగగల బలాన్ని బట్టి ట్రాక్టరుకు వెల కడతారు. దారిన పోయేవారి ప్రాణాలు మాత్రం దాని నిలుపగల బలం మీదనే ఆధారపడి ఉంటాయి.