ధరణికోటకు వచ్చిన విద్యార్థి

మొదటి రోజంతా అమ్మ చైనాలోని ఈ షీఆన్ నగరాన్ని చూడలేదు, నన్నే చూసింది. చిక్కిపోయావంది. ఈ పొడిగాలికి పెదాలు పగిలాయంది. రాత్రి పిన్నికి ఫోన్ చేసి, "చదువు కోసం పిల్లని ఇంత దూరం పంపాల్సింది కాదే" అంది. నేనిక్కడ ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్నాను. మాది అమరావతి పక్కన, ధరణికోట దగ్గరి పల్లె. అమ్మానాన్నా దేశం దాటడం ఇదే మొదలు.

రెండో రోజు పొద్దున్నే దక్షిణ ద్వారం దగ్గర కోటగోడ ఎక్కాం. 14వ శతాబ్దంలో మింగ్ చక్రవర్తుల కాలంలో లేచిన గోడ ఇది. ఎత్తు 12 మీటర్లు. పాత నగరాన్ని చుట్టి దాదాపు 14 కిలోమీటర్లు సాగుతుంది. పైన రోడ్డంత వెడల్పు, సైకిళ్లు అద్దెకిస్తారు. నాన్న ప్యాంటు అంచులు మడిచి ఓ సైకిలెక్కాడు. బురుజు దగ్గర ఆగి, ఇటుకల మీద చెయ్యి ఆనించి, "మన ధరణికోటలోనూ మట్టికోట దిబ్బ ఉందిగా తల్లీ. చిన్నప్పుడు దాని మీద గేదెల్ని మేపేవాళ్లం. అది ఎవరి కోటో ఎవరం అడగలేదు" అన్నాడు.

మధ్యాహ్నం లియాంగ్‌పీ తిన్నాం. పలచటి పిండి రేకుల్ని పట్టీలుగా కోసి, దోసకాయ తరుగు, వెనిగర్, కారపునూనె కలిపి చల్లగా ఇస్తారు. ఆ నూనె చేసే తీరు అమ్మని కట్టేసింది. ఎండుమిరప కారం మీద సలసల కాగే నూనె పోస్తే చుయ్‌మని పొంగింది, ఘాటు వీధంతా పాకింది. ఇక్కడివాళ్లు ఆ కారాన్నే ఒక వంటకంగా లెక్కేస్తారు. గుంటూరు మిరప ఎరిగిన అమ్మ రెండోసారి వేయించుకుంది. రెండున్నరేళ్లుగా నేనేం తింటున్నానో అన్న బెంగ అక్కడ కాస్త తగ్గింది.

తర్వాత మెట్రోలో దాయెన్‌థా వెళ్లాం. పెద్ద అడవిబాతు పగోడా అని అర్థం. ఎదుట మైదానంలో చేతికర్ర పట్టిన భిక్షువు కంచు విగ్రహం. పేరు చెప్పగానే నాన్న నిలబడిపోయాడు. ఇక్కడ ష్వాన్‌జాంగ్ అనే ఆయనే మన పాఠాల్లో చదివిన హుయాన్‌త్సాంగ్.

అప్పట్లో ఈ నగరం పేరు చాంగాన్, తాంగ్ చక్రవర్తుల రాజధాని. దేశం దాటకూడదన్న ఆజ్ఞను కాదని, బౌద్ధ గ్రంథాల కోసం రహస్యంగా బయల్దేరాడాయన. ఎడారులు దాటి నలందలో చదివి, దక్షిణానికి దిగి, వేంగి చూసి, ధాన్యకటకం చేరాడు. అదే మన ధరణికోట అని ఎందరో చరిత్రకారుల మాట. అక్కడ కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడనీ, బదులుగా మహాయాన శాస్త్రాలు వాళ్లకి చెప్పాడనీ ఆయన శిష్యుడు రాసిన జీవితచరిత్రలో ఉంది. ఆంధ్రుల మాట మధ్య భారతపు మాటకు వేరనీ, అక్షరాలు మాత్రం దగ్గరగా ఉంటాయనీ ఆయన రాసుకున్నాడు. 645లో తిరిగొచ్చేటప్పుడు 657 గ్రంథాలు తెచ్చాడు. వాటిని భద్రపరచడానికే 652లో ఈ పగోడా కట్టారు. తర్వాత తిరగకట్టి, మరమ్మతులు చేసి నిలుపుకున్నారు. మిగిలిన బతుకంతా ఆయన అనువాదాలకే ఇచ్చాడు.

పగోడా ఏడంతస్తులు, 64 మీటర్లు. చెక్కమెట్ల మీద నాన్నా నేనూ పైదాకా ఎక్కాం. ప్రతి అంతస్తులోనూ నాలుగు దిక్కులకీ కమాను కిటికీలు. దక్షిణపు కిటికీ దగ్గర నాన్న చాలాసేపు నిల్చున్నాడు.

మోకాళ్ల నొప్పితో అమ్మ కింద గుడి ఆవరణలోనే కూర్చుంది. దిగగానే గుడి పేరడిగింది. దా త్సి-ఎన్. యువరాజు లీ జ్ 648లో కన్నతల్లి జ్ఞాపకార్థం కట్టించాడు, తల్లి చేసిన మేలు అన్న భావం ఆ పేరులో ఉంది అని చెప్పాను. అమ్మ నా జుట్టు సర్ది, ఆ భిక్షువు గురించి మళ్లీ మొదట్నుంచి చెప్పించుకుంది.

నేను పుట్టిన చోటికి ఒకప్పుడు చదువుకోవడానికి మనుషులు వచ్చేవారని తెలుసుకోవడానికి నాకు ఇంత దూరం పట్టింది. సెలవులకు వెళ్లినప్పుడు నాన్నతో కలిసి ఆ మట్టిదిబ్బ ఎక్కాలి.

ఆ రాత్రి అమ్మ మళ్లీ పిన్నికి ఫోన్ చేసింది. గోడ గురించి కాదు, మెట్రో గురించీ కాదు. "ఇక్కణ్నుంచి ఒకాయన మన ధరణికోటకి వచ్చి చదువుకున్నాడటే" అని మొదలుపెట్టింది.