కుంటికోడి

కోడి కుంటుతోందనగానే మన ఇళ్ళల్లో మసాలా నూరటం మొదలవుతుంది. "ఇక అదెలాగూ పనికిరాదులే" అనేవారే గాని, ఒక్కసారి కాలు తిప్పి చూద్దామనేవారు అరుదు. ఏడాదిపాటు గుడ్లు పెట్టి, పిల్లల వెనకాలే తిరిగిన కోడికి అంత తొందరగా తీర్పు చెప్పెయ్యటం న్యాయమేనా, మీరే చెప్పండి.

మా ఇంట్లో అలాంటి తీర్పు ఒకటి దాదాపు అయిపోయింది. మేముండేది హైదరాబాదు శివార్లలో. మా మనవరాలు అరచేతిలో నూకలు పెట్టి పెంచిన పెట్ట పేరు బంగారి. సరిగ్గా సంక్రాంతినాడు అది గూట్లోంచి ఒంటికాలిమీద గెంతుతూ వచ్చింది. తెల్లవారితే కనుమ. ఆడపడుచుగారి కుటుంబమంతా భోజనానికొస్తున్నారు. మావారు బంగారి వంక చూసి, "గారెల్లోకి వెతుక్కోనక్కరలేదు" అన్నారు. పిల్ల కోడిని చంకన పెట్టుకుని నీళ్ళతొట్టి వెనక్కి పోయి కూర్చుంది.

"కాలు చూశాక మాట్లాడుకుందాం" అన్నాను నేను.

కోడిని పట్టుకోవటానికి పగలు పరుగులెత్తనక్కరలేదు. చీకటి పడితే దానికి చూపానదు. గూట్లోంచి మెల్లిగా తియ్యొచ్చు. రెక్కలమీదుగా పాత తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే నెమ్మదిగా వుంటుంది. రొమ్ము మాత్రం అదిమి పట్టకూడదు. రొమ్ము కదిలితేగాని కోడికి ఊపిరాడదు. ముందున్న మూడు వేళ్ళూ, వెనక వేలూ, అరికాలూ టార్చి వెలుగులో చూడాలి.

చూద్దునుగదా, బంగారి నడిమి వేలికి గాలిపటం మాంజా చుట్టుకుని వుంది! నడిచినకొద్దీ బిగిసిపోయి, వేలు ఉబ్బింది. దారంగాని, వెంట్రుకగాని అలా పట్టేసి రక్తం ఆడనివ్వకపోతే వేలు నల్లబడి ఊడిపోతుంది. గోళ్ళ కత్తెరతో దారాన్ని తెంచాను. కింద సన్నగా కోసుకుపోయిన గాయం. ఇంతేనండీ, కూరకుండకు పంపబోయిన జబ్బు!

గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు వేసి పది నిమిషాలు కాలు నాననిచ్చాను. మెత్తని గుడ్డతో తడి అద్ది, పోవిడోన్ అయోడిన్ మందు నీళ్ళలో పల్చగా, తేనీటి రంగులో కలిపి రాశాను. పైన శుభ్రమైన గుడ్డపట్టీ. కట్టు బిగిస్తే దారం చేసిన పనే కట్టూ చేస్తుంది గనుక వదులుగా కట్టి, రోజూ మార్చాను. ఎర్రగా ఏదైనా కనిపిస్తే తోటి కోళ్ళు పొడుస్తాయి. అందుకని బంగారిని గంప కింద, పొడిగడ్డి పరిచి, తక్కినవాటికి కనిపించేలా విడిగా వుంచాం.

గోరు విరిగి రక్తం కారుతుంటే కొద్ది నిమిషాలు గుడ్డతో అదిమిపట్టి, ఆపైన మొక్కజొన్నపిండి అద్దితే ఆగుతుంది. అరికాలు ఉబ్బి, మధ్యన నల్లని పెచ్చు కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి. ఎత్తునుంచి దూకటంవల్లా, గరుకుకొయ్యమీద పడుకోవటంవల్లా అరికాలు ఒరుసుకుపోయి, సూక్ష్మజీవులు చేరి అలా అవుతుంది. ఒళ్ళు బరువైన కోళ్ళకు ఈ బెడద ఎక్కువ. కోడికి చీము మనకు మల్లే కారదు, లోపల గడ్డకట్టుకుపోతుంది. పిన్నీసుతో పొడవకుండా పశువుల డాక్టరుకు చూపించాలి. మనం వేసుకునే నొప్పిమాత్రలు దానికి వెయ్యకూడదు. డాక్టరు మందిస్తే, ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో కూడా అడిగి రావాలి. ఇక కాళ్ళు పడిపోయి, మెడ వంకర తిరిగితే అది కాలిగాయం కాదు, కొక్కెర తెగులు కావచ్చు, ఆలస్యం పనికిరాదు. వైద్యం ఏదైనా, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవటం మరిచిపోకండి.

ఆ కనుమకు మా ఇంట గారెల్లోకి అల్లప్పచ్చడే. ఆడపడుచుగారు ఏమీ అనలేదుగాని, రెండుసార్లు గంపవైపు చూశారు. అయిదోనాటికి బంగారి కాలు మోపింది. పదోనాటికి గోడవార పరుగులు తీసింది.

ఇప్పుడు మావారు రోజూ సాయంత్రం పెరడంతా తిరిగి దారం ముక్కలు ఏరుతున్నారు. "కోడికోసం కాదు, మనుషుల కాళ్ళకు తగులుతాయని" అంటారు. మనవరాలు నమ్మినట్టే తలూపుతుంది.