ఫ్లెక్సీ మీది ర్యాంకులు

శామీర్‌పేట చెరువు దగ్గర చాయ్ బండికి నీడ ఒక పాత ఫ్లెక్సీ. ఎండకు వెలిసిపోయిన పిల్లల ముఖాలు, కింద ర్యాంకులు. ఒక పిల్లాడి ముక్కు మీదుగా తాడు బిగించి కట్టారు. అక్కడ నిలబడి చాయ్ తాగుతుంటే నాకు చుక్కా రామయ్య గారే గుర్తొస్తారు.

ఆయనది జనగామ దిక్కు గూడూరు. నిజాం కాలంలో జైలుకెళ్లొచ్చి లెక్కల పంతులైన మనిషి. సర్కారు కొలువులో ప్రిన్సిపాల్ దాకా వెళ్లి రిటైరయ్యారు. మామూలుగా అయితే ఇక వాకిట్లో పడక్కుర్చీ, చేతిలో పేపరు. ఆయన మాత్రం నల్లకుంటలో ఐఐటీ కోచింగ్ చెప్పడానికి మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు, ఐఐటీ రామయ్య అయ్యారు. ఆయన దగ్గర సీటు కోసం రాసే పరీక్షకు వేరేచోట కోచింగ్ తీసుకునేవారంటే ఇక చెప్పేదేముంది!

మేడ్చల్ నుంచి ఇటు వచ్చే దారిలో ఇప్పుడెన్ని హాస్టల్ బిల్డింగులో. ఈ కోచింగ్ వ్యాపారానికి విత్తనం ఆయన చేతిదేనా? కొంత నిజమే, దాచడమెందుకు. కానీ అమ్మభాషలో చదువు కావాలని పేపర్లలో రాస్తూ వచ్చిందీ ఆయనే. ఐఐటీ బాసరలోనే పెట్టాలని పట్టుబట్టారు. అది చివరికి సంగారెడ్డి దగ్గర కందికి పోయింది. 2008లో ఇక్కడ జవహర్‌నగర్‌లో బిట్స్ తెరిచారు, అదే ఏడు బాసరకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లె పిల్లలు పదో తరగతి మార్కులతోనే ఇప్పటికీ అందులో చేరుతున్నారు.