పారమట్టా నది ఒడ్డున ఒక ఆదివారం

టూంగాబీలో ఇల్లు తీసుకుని ఆరేళ్ళైనా, రైల్లో నాలుగో స్టేషన్లో ఉన్న పారమట్టా పార్కుకి తీరిగ్గా వెళ్ళింది మొన్న ఆదివారమే. పులిహోర డబ్బా పట్టుకుని నది వెంట కాలిబాటన నడిచాం. 1799లో గవర్నర్ హంటర్ కట్టించిన ఓల్డ్ గవర్నమెంట్ హౌస్ గుట్ట మీద తెల్లగా కనిపించింది. 2010లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

"ఇంత పెద్ద ఇల్లు ఎవరు కట్టారు నాన్నా?" అంది మా అమ్మాయి.

ఓడల్లో ఇక్కడికి పంపిన ఖైదీలని చెప్పాను. 1791 నుంచి మన టూంగాబీలో అడవి నరికి ప్రభుత్వ పొలం దున్నిందీ వాళ్ళే. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఈ నేల ఆదివాసులది. పారమట్టా అన్న పేరు కూడా ఇక్కడి బుర్రమట్టగల్ ప్రజల మాట నుంచి వచ్చిందే.

"నీకు కృష్ణా నది గుర్తొచ్చినట్టు ఆ ఖైదీలకీ వాళ్ళ ఊరు గుర్తొచ్చేదా?" అంది.

జవాబు తోచలేదు. నేను ఇష్టపడి వచ్చాను, వాళ్ళు రాలేదు. తను మాత్రం ఇక్కడే పుట్టింది. తన నది ఇదే.

పార్కుకి టిక్కెట్టు లేదు. మీరూ పిల్లల్ని తీసుకెళ్ళండి. ప్రశ్నలకి మాత్రం సిద్ధపడి వెళ్ళండి!