అటకెక్కని సాధనాల కోసం

జైపూర్,
మంగళవారం రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాను. రైలు సంగతులు అమ్మకి ఫోన్లో చెప్పేశాను. "ఫోనుండగా ఉత్తరాలేంటే" అన్నావు కదా, ఫోన్లో నేను సగం చెప్పేసరికి నువ్వు కుట్టుమిషన్ మోటారు ఆన్ చేస్తావు. అందుకే రాస్తున్నాను.

"ఇండిపెండెంట్ స్టడీ అంటే కాలేజీకి ఎగనామం పెట్టడమేనా?" అని బాబాయి అడిగాడట. ఎం.టెక్.లో అదీ ఒక సబ్జెక్టేనని చెప్పు. క్లాసులుండవు. ప్రశ్న మనమే వెతుక్కోవాలి, ఒక గైడ్ ఉంటారు, చివర రిపోర్టు ఇచ్చి వైవాలో కూర్చోవాలి. నా ప్రశ్న నువ్వు ఎరిగిందే. వికలాంగుల కోసం ఇంతమంది ఇన్ని సాధనాలు తయారుచేస్తుంటే వాటిలో అన్నెందుకు అటకెక్కుతున్నాయి? అమెరికాలో ఫిలిప్స్, జావో అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి సాధనాలున్న 227 మందిని అడిగి 1993లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల సాధనాల్లో 29.3 శాతం వాడకం మానేసినవే. ఒక కారణం చదివి నేనేం ఆశ్చర్యపోలేదు: ఎంచుకునేటప్పుడు వాడే మనిషిని ఎవరూ అడగకపోవడం. ఇంకో కారణం మాత్రం ఆలోచింపజేసింది. సులువుగా చేతికొచ్చిన వస్తువు సులువుగానే మూలపడుతుందట.

మన వరండాలో వడ్లబస్తాలు మోస్తున్న చక్రాల కుర్చీ గుర్తొచ్చింది. దాన్ని పంచిన శిబిరం ఎవరు పెట్టారన్నది వదిలెయ్. స్నానాలగది తలుపు ఎంత వెడల్పో ఒక్కరూ అడగలేదు, నాకు గుర్తుంది.

ఇవాళంతా భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిలో ఉన్నాను. 1975లో డి.ఆర్. మెహతా మొదలుపెట్టిన సంస్థ ఇది. కాలు పోయినవాళ్లు వస్తారు, కొలతలిస్తారు, కాలు పెట్టుకుని నడిచి వెళతారు. డబ్బు తీసుకోరు. మోడు మీద పట్టీ చుట్టి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. నీళ్ల పైపులకు వాడే రకం ప్లాస్టిక్ గొట్టాన్ని పొయ్యిలో మెత్తబరిచి ఆ అచ్చు మీదికి లాగుతారు. కింద రబ్బరు పాదం బిగిస్తారు.

అసలు కథంతా ఆ పాదంలోనే ఉంది. 1968 ప్రాంతంలో ఇక్కడి సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రిలో దాన్ని రూపొందించినవాళ్లు ఇద్దరు. ఒకరు ఎముకల డాక్టర్ పి.కె. సేఠీ, రెండోవారు పెద్ద చదువు లేని చేతిపనివాడు రామచంద్ర శర్మ. అప్పటికి మన దేశంలో పెట్టే విదేశీ నమూనా పాదం బిగుసుకుని ఉండేది, దానికి బూటు తప్పనిసరి. బాసింపట్టు వేసుకుని కూర్చోనివ్వదు, గొంతుక్కూర్చోనివ్వదు, బురదలో నడవనివ్వదు. గుళ్లోకీ వంటింట్లోకీ బూటుతో వెళ్లలేరు. దాంతో జనం దాన్ని విప్పి మూల పెట్టేసి కర్రలు పట్టుకునేవాళ్లు. శర్మగారి సైకిల్ పంక్చరైన రోజు, పక్కనే లారీ టైరుకు రీట్రేడింగ్ చేస్తుంటే చూసి, రబ్బరుతో పాదం చేయవచ్చన్న ఆలోచన వచ్చిందని చెబుతారు. ఇప్పుడు మడమలోనూ ముందు భాగంలోనూ మెత్తటి రబ్బరు, వాటిని కలిపి చుట్టే టైరుదారం, పైన ఒంటిరంగు రబ్బరు పెట్టి లోహపు అచ్చులో ఉడికిస్తున్నారు. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు అచ్చు విప్పుతారు, వేళ్లతో సహా పాదం బయటికొస్తుంది. చెప్పు వేసుకోవచ్చు, వేసుకోకుండానూ తిరగవచ్చు.

1981లో మెగసెసే పురస్కారం సేఠీగారికి వచ్చింది. శర్మగారి పేరు మా కాలేజీలో ఎవరికీ తెలియదు. ఇది నాకేం బాగాలేదు. "మయూరి" సినిమాలో సుధాచంద్రన్ నాట్యం చేసింది ఈ జైపూర్ కాలితోనే అని మనకి తెలుసు, చేసిన చేతులెవరివో తెలియలేదు.

ఇక్కడే స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు తరగతి ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ప్లాస్టిక్ మోకాలినీ చూశాను. ఒకే కీలున్న మోకాలు ఎత్తుపల్లాల్లో హఠాత్తుగా మడతపడుతుంది. దీనికి నాలుగు కడ్డీల అమరిక ఉంది కాబట్టి బరువు వేసినప్పుడు నిలబడుతుంది. 2009లో టైమ్ పత్రిక ఆ యేటి గొప్ప ఆవిష్కరణల్లో దీన్ని చేర్చింది. క్లాసు ప్రాజెక్టు వైవాతో ఆగిపోనక్కర్లేదన్న ధైర్యం నాకొచ్చింది.

నీ సంగతి. నీ కాలికి ఊతంగా కట్టే కాలిపర్‌కి బూటు అతికించి ఉండబట్టే కదా నువ్వు ఇంట్లో దాన్ని తీసేసి గోడ పట్టుకుని నడిచేది? పాదం కింద పల్చటి ప్లాస్టిక్ పలక వచ్చే కాలిపర్లున్నాయి. వాటి మీద మామూలు చెప్పు తొడుక్కోవచ్చు. ఇన్నేళ్లలో మనకి ఈ మాట చెప్పిన డాక్టరు ఒక్కరూ లేరు.

నీ చెల్లి


ఢిల్లీ,
శుక్రవారం

అక్కా,

ఐఐటీలోని అసిస్‌టెక్ ల్యాబ్‌కి వెళ్లాను. ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ ఆధ్వర్యంలో పెరిగిన చోటు. విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన స్మార్ట్‌కేన్ 2014లో అమ్మకానికి వచ్చింది. అంధుల తెల్లకర్ర నేల మీది గుంటనీ మెట్టునీ పసిగడుతుంది. మోకాలికి పైన ఉన్నవాటి సంగతి దానికి తెలియదు. సగం దించిన షట్టర్, లారీ వెనకభాగం, కిటికీకి వేలాడే ఏసీ పెట్టె నేరుగా ముఖానికే తగులుతాయి. కర్ర పిడికి తగిలించే ఈ పరికరం గబ్బిలంలా మనకి వినిపించని శబ్దం పంపి, మూడు మీటర్ల లోపు దూరంలోని అడ్డంకిని పట్టుకుని, చేతికి వణుకు రూపంలో చెబుతుంది.

వణుకెందుకు, బీప్ పెట్టొచ్చుగా అని నేను అక్కడ ఒక వాడుకదారుని అడిగాను. "చెవులే మాకు రోడ్డు చూపించేవి. వాటినీ మీరే తీసేసుకుంటే ఎలా మేడమ్?" అన్నాడాయన.

సాయంత్రం మనవైపు నుంచే వచ్చి ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక అంధ స్కాలర్‌ని కలిశాను. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడుతున్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టి, మరో అంధ యువకుడు జేమ్స్ టేతో కలిసి పెంచిన, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తెలుగూ చదువుతుంది, కాస్త కీచుగా. "తెలుగు కథలు చదువుతారా?" అంటే నవ్వి ఒక పీడీఎఫ్ తెరిచాడు. ఎన్‌వీడీఏ ఏవో పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు గొణిగింది. ఆ పుస్తకం అను ఫాంట్లలో కంపోజ్ చేసింది. కంటికి కనిపించేది తెలుగు బొమ్మ, లోపల కంప్యూటర్‌కి తెలిసేది ఇంగ్లీషు కోడ్. చూపున్నవాళ్లకి తేడా తెలియదు. అతనికి ఆ పుస్తకం మూసే ఉన్నట్టు.

అంధులకు పుస్తకాలను అందుబాటు రూపంలోకి మార్చుకునే వీలిచ్చే మరాకెష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. అంతకుముందే 2012లో కాపీరైట్ చట్టాన్నీ సవరించారు. చట్టం తలుపు తీసింది, ఫాంటు గడియ పెట్టింది. బాబాయి డీటీపీ షాపులో అన్నీ అను ఫాంట్లే కదా. యూనికోడ్‌లోకి మార్చి ఒక కాపీ దాచమని గట్టిగా చెప్పు, ఎగనామం మాటకి ఇదే నా జవాబు.

చలి మొదలైంది. నువ్వు కుట్టిన శాలువా కప్పుకునే రాస్తున్నాను.

చెల్లి


కాన్పూర్,
ఆదివారం

అక్కా, ఇది చిన్న ఉత్తరం, సాయంత్రమే చెన్నై రైలు. అలిమ్‌కో 1972లో పెట్టిన కేంద్రప్రభుత్వ సంస్థ. 1976 నుంచి కృత్రిమ అవయవాలు, చంకకర్రలు, చేత్తో తిప్పే మూడుచక్రాల బళ్లు ఇక్కడ తయారవుతున్నాయి. శిబిరాల్లో పంచేవి ఎక్కువగా ఇక్కడివే. ఆ బండి సోకుగా ఉండదు, పెద్ద బరువు కూడా. కానీ గొలుసు తెగినా ట్యూబు పేలినా ఏ ఊరి సైకిల్ షాపువాడైనా బాగుచేస్తాడు. మా ల్యాబులో మేం గీసే డిజైన్లలో ఈ గుణం ఉన్నది ఒక్కటైనా ఉందా అని రైలు కోసం ఎదురుచూస్తూ లెక్కేసుకుంటున్నాను.


చెన్నై,
గురువారం

అక్కా,

ఇడ్లీ సాంబారు దొరికింది, ప్రాణం లేచొచ్చింది.

ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ సుజాత శ్రీనివాసన్ నడిపే టీటీకే కేంద్రంలో మూడు వస్తువులు చూశాను. మొదటిది అరైజ్, 2019లో విడుదలైంది. చేతులతోనే లేపుకుని నిలబడగలిగే చక్రాల కుర్చీ. రోజంతా కూర్చునే ఉంటే పుండ్లు పడతాయి, ఎముకలు పల్చబడతాయి, అరుగుదల మందగిస్తుంది. అందుకని నిలబడటం వాళ్లకి వైద్యం. రెండోది 2022లో వచ్చిన కదమ్ మోకాలు. బాగా మడుచుకుంటుంది కాబట్టి ఆటోలోనూ బస్సు సీటులోనూ ఇరుక్కోకుండా కూర్చోవచ్చు.

మూడోది నియోఫ్లై. దీని దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. కుర్చీని మనిషి కొలతలకు తగ్గట్టు 18 రకాలుగా సర్దవచ్చు. నువ్వు జాకెట్టుకి చంక కొలత, భుజం కొలత, మెడ లోతు వేరువేరుగా రాసుకుంటావు చూడు, వీళ్లూ తుంటి వెడల్పు, తొడ పొడవు, వీపు ఎత్తు అలాగే రాసుకుంటున్నారు. రెడీమేడ్ జాకెట్టు ఎవరికీ సరిగ్గా పట్టదని నీకు చెప్పక్కర్లేదు. కుర్చీకి ముందు మోటారు చక్రం తగిలిస్తే, దాన్నే నియోబోల్ట్ అంటారు, రోడ్డు మీద బండిలా గంటకు 25 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తుంది.

నాకు నచ్చింది. నా అనుమానం మాత్రం పోలేదు. బ్యాటరీ పాడైతే మన తెనాలిలో ఎవరు చూస్తారు? నేనిది గట్టిగానే అడిగాను. అక్కడున్న కుర్రాళ్లు తడుముకోకుండా ఒప్పుకున్నారు, అమ్మకాలకన్నా సర్వీసే పెద్ద పని అని. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనే ఉన్నారు. రిపేరు ఏర్పాటు లేకుండా పల్లెకి పంపిన సాధనం అటకకి పంపినట్టే. నా రిపోర్టులో రాయబోయేది ఇదే. ఇంట్లోకి రాగలదా, వీధిలో బాగుపడగలదా అన్న రెండు పరీక్షలు పెట్టకుండా ఏ డిజైనుకీ మార్కులు వేయకూడదు. గైడ్ మేడమ్ ఒప్పుకుంటారో లేదో చూడాలి.

ఎల్లుండి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. ఈలోగానే నాకో సాయం మొదలుపెట్టు. నీ కుట్టు షాపులో కొలతల పుస్తకం చివరి పేజీల్లో, నువ్వు కాలిపర్ విప్పేసిన ప్రతిసారీ టైమూ కారణమూ రాయి. వేడి, పట్టీ ఒరుసుకోవడం, పూజ, విసుగు, ఏదైనా సరే. నా కోసం మెరుగులు దిద్దకు. ఒక నెల రాస్తే చాలు, నీ పేరు లేకుండా రిపోర్టులో పెడతాను. వైవా మార్చిలో.

చెల్లి