టిక్కెట్టులో రెండున్నర గంటలు

మా వదిన కిందటేడు కువైట్ వెళ్ళింది, ఒకరింట్లో వంటపనికి. ఎనిమిదేళ్ళ కూతుర్ని నా దగ్గర వదిలి వెళ్ళింది. సోమశిల ప్రాజెక్టు దాటి ఎప్పుడూ ఎక్కువ దూరం పోని మనిషి, ఒక్కసారిగా సముద్రం దాటింది!

సాగనంపడానికి మేమంతా కారులో చెన్నై బయల్దేరాం. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, ఉదయగిరి చెక్క గరిటె ఒకటి. (పచ్చడి సీసా మూతకు ప్లాస్టిక్ కవరు రెండు చుట్లు చుట్టి, లగేజీలో వేసే పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే తనిఖీలో తీసేయించవచ్చు.) సాయంత్రం ఆరింటికి ఇంట్లో బయల్దేరితే ఆత్మకూరు, సంగం, బుచ్చి, నెల్లూరు దాటి విమానాశ్రయం చేరేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటయింది. నెల్లూరులో భోజనానికి ఆగామనుకోండి. అయినా ఏడు గంటలు!

విమానం ఉదయం ఆరింటికి. టిక్కెట్టు మీద కువైట్ చేరేది ఎనిమిదిన్నరకని ఉంది. ‘ఓస్, రెండున్నర గంటలే!’ అనుకున్నాం. వదిన లోపలికి పోతూ, ‘దిగంగానే ఫోన్ చేస్తాలే’ అని కూతురికి చెప్పింది.

తిరుగుదారిలో నాయుడుపేట దగ్గర టిఫిన్‌కు ఆగాం. ఎనిమిదిన్నరయింది. ఫోన్ రాలేదు. తొమ్మిదయింది. పిల్ల దోసె ముట్టలేదు. ‘అమ్మ ఇంకా దిగలేదా అత్తా?’ అని అడుగుతూనే ఉంది. మా అన్న మొహంలో రక్తం లేదు. నేను పైకి ధైర్యంగానే ఉన్నాను గానీ, లోపల వెంకటేశ్వరస్వామికి మొక్కు మొక్కేశాను.

నెల్లూరు దగ్గరకొచ్చాక డ్రైవరు మా మాటలు విని నవ్వాడు. ‘అమ్మా, దిగే టైము కువైట్ టైము. వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు పదకొండయితే గానీ ఆమె దిగదు’ అన్నాడు. నెలకు నాలుగైదు సార్లు విమానాశ్రయానికి వచ్చేవాడాయన, ముందే అడిగితే పోయేది!

ఇంటికొచ్చి లెక్క చూశాను. చెన్నై నుంచి కువైట్‌కు గాలిలో నేరుగా కొలిస్తే దాదాపు 3,780 కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. ఎక్కడం దిగడం కలిపితే అయిదు గంటలు. పైన గాలి పడమటి నుంచి వీస్తుంది గనుక పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. రావడం ఒక అరగంట తగ్గుతుంది. కానీ టిక్కెట్టు చూస్తే తిరకాసు! కువైట్‌లో రాత్రి పదింటికి ఎక్కితే మర్నాడు అయిదింటికి చెన్నైలో దిగుతున్నట్టుంటుంది. ఏడు గంటలు పట్టినట్టు. ఎక్కే ఊరి టైము ఒకటి, దిగే ఊరి టైము ఒకటి, ఇదీ కిటుకు.

ఫోను మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చింది. ‘పచ్చడి కారలేదు’ అంది వదిన ముందుగా. తర్వాత ఏడ్చింది.

ఇప్పుడు మా వంటింట్లో రెండు గడియారాలు. రెండోది పిల్లే పెట్టించింది. రాత్రి అన్నం దగ్గర కూర్చుని, ‘మనకు తొమ్మిది, అమ్మకు ఆరున్నర. ఇంకా గిన్నెలు తోముతుంటుంది’ అంటుంది. నేను ఇంకో ముద్ద పెడతాను.