పేట పాఠాలు 14: రసీదు అడుగుదాం



తెలుగు లెక్చరర్ ఫోనుకి పద్యాల మీద సందేహాలు రావాలి. నాకు చలానాలు వస్తున్నాయి. డిగ్రీ పిల్లలు, వాళ్ల అన్నలు, పూల బుట్టలు మోసే చిన్నాన్నలు స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. కింద ఒకటే ప్రశ్న: "మాస్టారూ, ఇదేటి? కట్టీమంటారా, ఒగ్గీమంటారా?"

మాది ఆనందపురం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే పదహారో నంబరు హైవే మా దగ్గర చీలుతుంది. ఒక దారి మధురవాడ మీదుగా విశాఖ నగరంలోకి, ఇంకో దారి పెందుర్తి మీదుగా అనకాపల్లికి. తెల్లారకముందే పూల మార్కెట్టుకి బళ్లు కదులుతాయి. కాలేజీకైనా, కూలికైనా, పోర్టులో కాంట్రాక్టు పనికైనా ఇప్పుడు టూవీలర్ కావాలి. కూలివాడి కొడుకు కూడా మోటారు వాహనాల చట్టం కిందకి వచ్చేశాడు. ఆ చట్టం ఏం చెబుతుందో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. ఈ వారం ఆ పాఠమే.

చలానా వచ్చిన మనిషికి మనవాళ్లు రెండు దారులే చూపిస్తారు. జంక్షన్‌లోనే ఎంతో కొంత చేతిలో పెట్టి బయటపడటం. లేదంటే మెసేజీ చెరిపేసి మరిచిపోవడం. రెండింటి వెనకా ఉన్నది కాగితమంటే భయమే. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. మన తాతలకి కాగితమంటే వేలిముద్ర. వేలిముద్రంటే పెరిగిన అప్పు, పోయిన భూమి. రాసేవాళ్లు ఒకరు, అందులో ఇరుక్కునేవాళ్లు ఇంకొకరు. తలరాతకీ చేతిరాతకీ తెలుగులో ఒకటే మాట ఉండటం మనకి బాగా అర్థమవుతుంది. నేను చెప్పేది మూడో దారి: కాగితం అడిగి తీసుకోవాలి, చదవాలి, దాచుకోవాలి.

చలానా లాంటి చిన్న విషయానికి ఇంత అవసరమా అనకండి. రోడ్డు మనకి ఎప్పుడూ చిన్న విషయం కాదు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' తెరవండి. 1901లో మసూర్ స్టేషన్లో దిగిన పిల్లలు మహర్లని తెలిశాక వాళ్లని ఎక్కించుకోవడానికి బండివాళ్లు ఒప్పుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే షరతు మీద బయలుదేరారు. 1929 నాటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. అయినా చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలబోమన్నారు. తోలడం రాని మనిషి తోలితే కల్వర్టు దగ్గర ప్రమాదం జరిగి ఆయన కాలు విరిగింది.

అది పాతకాలం అనుకునేవాళ్లకి మన నగరమే చాలు. 2020 మే 16న అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద డాక్టర్ సుధాకర్‌ని చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆయన నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు డాక్టరు, దళితుడు, మాస్కుల కొరత గురించి మాట్లాడి సస్పెండయిన మనిషి. మద్యం మత్తులో రోడ్డు మీద గొడవ చేశారన్నది పోలీసుల మాట. హైకోర్టు మేజిస్ట్రేటుతో ఆయన వాంగ్మూలం నమోదు చేయించింది. అక్కడ రాసిన గాయాలకీ, ప్రభుత్వం తరఫున వచ్చిన నివేదికలోని గాయాలకీ లెక్క కుదరలేదు. మే 22న దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. మరుసటి ఏడాది మే నెలలో సుధాకర్ గారు గుండెపోటుతో చనిపోయారు. వీడియో మనల్ని ఏడిపించింది. దర్యాప్తు చేతులు మారింది మాత్రం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివినందువల్ల. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

మొదట సెక్షన్ నంబరు చూడండి. 2019 సవరణ తర్వాత జరిమానాలు బాగా పెరిగాయి. కేంద్ర చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే 194డి: 1000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు చెల్లదు. లైసెన్సు లేకుండా నడిపితే 181: ఇంతకుముందు 500 ఉండేది, ఇప్పుడు 5000. ఇన్సూరెన్సు లేకపోతే 196: మొదటిసారి 2000. తాగి నడిపితే 185: 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఇంటర్ చదివే తమ్ముడికి బండి ఇచ్చేవాళ్లు 199ఏ చదవండి: తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. కూలి డబ్బుల్లో ఈ అంకెలు ఎన్ని రోజుల చాకిరీయో లెక్క వేసుకోండి.

వీటిలో చాలావాటికి 200 సెక్షన్ కింద అధికారికి నిర్ణీత మొత్తం కట్టి అక్కడితో ముగించవచ్చు. దాన్నే కాంపౌండింగ్ అంటారు. తాగి నడిపిన కేసు అలా ముగియదు, కోర్టుకి వెళ్లాల్సిందే. ఎక్కడ కట్టినా రసీదు ఉండాలి. రసీదు లేని డబ్బు ప్రభుత్వానికి చేరినట్టు కాదు, మీ కేసు మూసినట్టూ కాదు. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే దానికి అక్నాలెడ్జ్‌మెంటు ఇవ్వాలని 206 సెక్షన్ చెబుతుంది. బండి ఆపి ఉంచే సందర్భాలు 207లో ఉన్నాయి. తాళం లాక్కోవడం అనే మాట ఆ రెండింటిలోనూ లేదు. ఒరిజినల్ కాగితాలు జేబులో లేకపోయినా డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో చూపించవచ్చు.

రెండో పని, రికార్డు ఎక్కడుందో వెతకడం. రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ పేజీ, కేంద్ర పరివాహన్ పేజీ రెండూ చూడండి. బండి నంబరుతో, చలానా నంబరుతో వెతకొచ్చు. కెమెరా చలానా అయితే ఫోటో తెరవండి. అది మీ బండేనా? నంబరు ప్లేటు స్పష్టంగా ఉందా? తేదీ, సమయం, స్థలం ఉన్నాయా? 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన 167ఏ రూలు ఈ వివరాలన్నీ ఉండాలనీ, నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలనీ చెప్పింది. గడువుల రూల్స్ మారుతూ ఉంటాయి. మీ నోటీసు మీద రాసిన గడువు దాటనివ్వకండి.

కోర్టుకి వెళ్లిన కేసు ఈ-కోర్ట్స్‌లో దొరుకుతుంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుని కేసు నంబరుతో వెతకాలి. మన దగ్గర ఇలాంటి కేసులు ఎస్‌టీసీ అన్న పేరుతో ఉంటాయి, అంటే సమ్మరీ ట్రయల్ కేసు. సీఎన్ఆర్ అనే 16 అక్షరాలూ అంకెల నంబరు దొరికితే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇక ఆ కేసు ఎప్పటికీ తప్పిపోదు. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి. అక్కడుంది మన కష్టం. అప్పలరాజు పేరులో ఒక 'పి' వేశారా, రెండు వేశారా? బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉన్నవాళ్లని ఏ పేరుతో రాశారు? ఇంటిపేరు ముందుందా, వెనకుందా? నాలుగైదు రకాలుగా వెతకండి. పెండింగ్‌లోనే కాదు, ముగిసినవాటిలోనూ చూడండి. కోర్టు రికార్డు నకలు కావాలంటే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. ఆ పనికి సమాచార హక్కు చట్టం దారి కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు, రవాణా శాఖల దగ్గరున్న సమాచారానికైతే ఆ చట్టం పనికొస్తుంది.

ఈ వెతుకులాట ఏం చేయగలదో ఒక ఇంటి సంగతి చెబుతాను. మా విద్యార్థి తండ్రి ఒక ఆసామి పొలంలో పనిచేస్తాడు. బాకీ కింద తన పాత బండి ఆ ఆసామికే ఇచ్చేశాడు. పేరు మారలేదు. ఆసామి కొడుకు ఊరంతా తిరిగాడు, చలానాలు మాత్రం ఈయన పేరున పడ్డాయి. ఏడు. "బండి మీ పేరుకి మార్చుకోండని అడగొచ్చు కదా?" అన్నాను. ఆ అబ్బాయి తల దించుకుని, "మా అయ్య ఆలని అడగనేడు మాస్టారూ" అన్నాడు.

ఆ ఒక్క మాటలో కులం మొత్తం ఉంది. అరుగు మీద కూర్చున్నవాడిని నిలబడ్డవాడు 'మీ బాకీ' అని అడగలేడు.

మేం ఏడు చలానాలూ ఫోటోలతో సహా ప్రింట్ తీశాం. రెండింటిలో ఆసామి కొడుకు ముఖం కనిపిస్తోంది. చట్టంలో 50వ సెక్షన్ కూడా జతచేశాం: రాష్ట్రంలోనే బండి అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి. పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం రికార్డులో ఉన్న యజమాని మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా ఒక పేజీలో తెలుగులో రాశాను. తండ్రి ఏమీ మాట్లాడలేదు. ఫైలు అరుగు మీద పెట్టి వచ్చాడు. పది రోజుల్లో చలానాలు కట్టారు, 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యాయి. ఆయన నోరు అడగలేని మాట కాగితం అడిగింది.

జాషువా 'గబ్బిలం'లో మనవాడు శివుడికి తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపాల్సి వచ్చింది. గుడి తలుపు అతనికి మూసి ఉంది కాబట్టి. ఇప్పుడు కోర్టు తలుపు చట్టంలో తెరిచే ఉంది. లోపలికి వెళ్లడానికి కావలసిన వకీలు కూడా ఉన్నాడు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకీ, మహిళలకీ, పిల్లలకీ ఉచిత న్యాయ సహాయం హక్కు. దీనికి ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబరు 15100. చలానా తప్పయితే దాన్ని సవాలు చేయవచ్చు. నిజమైతే, 208 సెక్షన్ కింద వచ్చిన సమన్లకి వకీలు ద్వారా హాజరు కావచ్చు, లేదా తప్పు ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ ఉత్తరం రాసి జరిమానా పంపవచ్చు. కాంపౌండింగ్‌కి వీలున్నవి లోక్ అదాలత్‌లోనూ ముగుస్తాయి. చేయకూడనిది ఒక్కటే: సమన్లు అందాక ఊరుకోవడం. సమన్ల తర్వాత వచ్చేది వారెంటు.

విశాఖ కోర్టుల చుట్టూ తిరిగే చిన్న కేసుల మనుషుల్ని రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో చూపించారు. ఆయన స్వయంగా ఇక్కడ వకీలు. ఆ కథలు చదివితే చట్టం అందరికీ ఒకలా పలకదని తెలుస్తుంది. నేనూ ఆ భ్రమ పెట్టుకోలేదు. రసీదు అడిగితే విసుక్కునేవాళ్లుంటారు, "ఏరా, చట్టం చెబుతావా" అనేవాళ్లూ ఉంటారు. అందుకే ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు, గొంతు పెంచకుండా అడగండి. అధికారి పేరు, సమయం రాసుకోండి.

ఉద్యమ మిత్రులకి ప్రత్యేకంగా ఒక మాట. హెల్మెట్ లేకుండా దొరికినవాడిని కులం పేరుతో తిడితే అవి రెండు వేరువేరు విషయాలు. కలిపితే రెండూ పోతాయి. హెల్మెట్ తప్పు మనదే, జరిమానా కడదాం. మన తల పగిలితే మన అమ్మే ఏడుస్తుంది. తిట్టు మాత్రం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఎస్) కిందకి వస్తుంది. నలుగురికీ కనబడే చోట అన్న షరతు నడిరోడ్డు మీద తీరిపోతుంది. దానికి వేరే ఫిర్యాదు, వేరే సాక్షులు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఇంకొకటి: మోటారు వాహనాల చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లే దాన్ని ఉల్లంఘిస్తే రెట్టింపు శిక్ష అని 210బి సెక్షన్ ఉంది. మసూర్‌లో రెట్టింపు కిరాయి కట్టించుకున్న లోకంలో ఆ మాట రాతలోకి ఎక్కడం నాకు చిన్న సంగతిగా అనిపించదు.

కానిస్టేబుల్ పరీక్షకి చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది కూడా వినండి. ఎంపికయ్యాక ఇచ్చే ఫారంలో కేసుల గురించి అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: చిన్న కేసు విషయం దాచినా యజమాన్యం మన్నించవచ్చు, కానీ అది వాళ్ల విచక్షణ. మన భవిష్యత్తుని వాళ్ల దయకి వదలొద్దు. ఫారం నింపకముందే మీ పేరున ఏముందో మీరే వెతికి తెలుసుకోండి. ముగిసిన కేసయితే ముగిసిందనే కాగితం తెచ్చుకోండి.

ప్రతి హాస్టల్లో, ప్రతి పేటలో ఒక పాత బైండు పుస్తకం పెట్టండి. బండి నంబరు, చలానా నంబరు, సెక్షన్, సీఎన్ఆర్, గడువు, రసీదు. ఆరు గళ్లు చాలు. చదువొచ్చిన చెల్లి రాస్తుంది, చదువు రాని పెదనాన్న పక్కన కూర్చుని చెబుతాడు. ఇన్నాళ్లూ మన గురించి వేరేవాళ్లు రాసిన లెక్కలే మన మీద నడిచాయి. ఈ లెక్క మన చేత్తో రాద్దాం.

వచ్చే వారం: రేషన్ కార్డులో పేర్లు.

జై భీమ్.